డిష్ కంటే ముందు ఫీడు
ఇంటి డాబాపై ఉపగ్రహ యాంటెన్నా: బిలాస్‌పూర్ నేర్పిన పాఠాలు

ఇంటిపై డిష్ యాంటెన్నా పెట్టించుకోదలచిన మిత్రులు నన్ను మొట్టమొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎన్ని అడుగుల డిష్ కొనమంటారు?" దాదాపు ముప్పై ఏళ్లుగా ఈ ప్రశ్న మారలేదు. నేను చెప్పే సమాధానమూ మారలేదు. డిష్ వైశాల్యం రెండవ మాట. డిష్‌కు ఎదురుగా, కడ్డీల చివర కూర్చునే చిన్న పరికరం ఒకటున్నది. దానినే ఫీడు అంటాము. అది ఆ డిష్‌కు, ఆ ఉపగ్రహానికి, ఆ ఊరికి సరిపోతుందా లేదా అన్నది మొదటి మాట. సరిపడని ఫీడుతో పది అడుగుల డిష్ చేయలేని పనిని, సరిపడిన ఫీడుతో ఎనిమిది అడుగుల డిష్ చేసి చూపగలదు. ఈ సంగతిని నేను పాఠ్యపుస్తకంలో చదువుకున్నాను గాని, నిజంగా తెలుసుకున్నది మాత్రం బిలాస్‌పూర్‌లోని మా ఇంటి డాబాపైననే. మన టౌన్‌షిప్పులలోని సోదర ఉద్యోగులకు, వారి కుటుంబ సభ్యులకు ఉపయోగపడవచ్చునని ఆ అనుభవాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

రైలు పట్టాల వెంట వచ్చిన తెలుగు

బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలవారు ఉద్యోగాల కొరకు ఆ మార్గం వెంట వెళ్లి స్థిరపడ్డారు. మా నాన్నగారు కూడా అట్లే లోకో షెడ్డులో ఫిట్టరుగా చేరారు. అమ్మ 1966లో బొబ్బిలి దగ్గరి పల్లె నుండి కొత్త కోడలుగా ఆ రైల్వే క్వార్టరులో అడుగుపెట్టింది. బుధవారి బజారులో కూరలు కొనడానికి హిందీ, పనిమనిషితో మాట్లాడడానికి ఛత్తీస్‌గఢీ నేర్చుకున్నది. తెలుగు మాత్రం ఇంటి నాలుగు గోడలకు, ఇన్‌లాండు ఉత్తరాలకు పరిమితమైపోయింది. మేము బడిలో హిందీలో చదువుకున్నాము. మా తరువాతి తరానికి తెలుగు వినడమే తప్ప చదవడం రాదు.

ఉపగ్రహ టెలివిజన్ ఆ ప్రాంతానికి కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు మన దేశంలో జరిగిన 'సైట్' ప్రయోగంలో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు అందించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, నాటి మధ్యప్రదేశ్ మరొకటి. మధ్యప్రదేశ్‌లో ఎంపికైన గ్రామాలు రాయపూర్ ప్రాంతంలోనివి. కోళ్ల గూళ్లకు వాడే ఇనుప జాలీతో చేసిన మూడు మీటర్ల డిష్‌లను నాడు పల్లెలలో నిలిపారు. అంటే తెలుగు పల్లెలూ, ఛత్తీస్‌గఢ్ పల్లెలూ ఒకే ఉపగ్రహం వైపు ఒకే కాలంలో తలెత్తి చూశాయన్నమాట. అయితే ఆ ప్రయోగం ఏడాదితో ముగిసింది.

తరువాత హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైనా, దాని ప్రసారాలు బిలాస్‌పూర్ వరకు రావు. 1990 దశకంలో దూరదర్శన్ ప్రాంతీయ భాషల ఛానళ్లను ఉపగ్రహం ద్వారా ప్రసారం చేయనారంభించడంతోను, 1995లో జెమినీ, ఈటీవీ రావడంతోను పరిస్థితి మారింది. ఆకాశం నుండి తెలుగు బిలాస్‌పూర్‌పై కూడా కురుస్తున్నది. పట్టుకోవడమే తరువాయి.

1996 నాటి పొరపాటు

నాన్నగారు పదవీ విరమణ చేసిన తరువాత తోర్వాలో చిన్న ఇల్లు కట్టుకున్నాము. మా వీధి కేబులులో అప్పట్లో తెలుగు ఛానలు ఒక్కటీ ఉండేది కాదు. 1996 వేసవిలో నేను సెలవుపై వెళ్లినప్పుడు తమ్ముడూ నేనూ కలిసి ఎనిమిది అడుగుల జాలీ డిష్ కొని డాబాపై పెట్టించాము. దుకాణదారే ఫీడు, దాని కాళ్లు బిగించి, ఉపగ్రహం వైపు తిప్పి, బొమ్మ వచ్చిందనిపించి వెళ్లాడు. బొమ్మ వచ్చిన మాట నిజమే. కాని తెరనిండా తెల్లని, నల్లని చుక్కలు. ధ్వనిలో గరగర.

అమ్మ కొంతసేపు ఓపికగా చూసి, "ఏటిరా, మనిషి కన్నా చుక్కలే ఎక్కువున్నాయి. సదివేది తెలుగేనా?" అని అడిగింది.

దుకాణదారును పిలిస్తే, "మీ డిష్ చాలదు. పది అడుగులది తీసుకోండి, దీనిని సగం ధరకు నేను తీసుకుంటాను" అన్నాడు. తమ్ముడు దాదాపు ఒప్పుకున్నాడు. అప్పటికే ఖర్చయినది నా రెండు నెలల జీతం. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరునై ఉండి, ఒక్క కొలత కూడా తీయకుండా మరొకరి మాటపై ఇంకొక డిష్ కొనడానికి మనసొప్పలేదు. మర్నాడు ఉదయం ఎండ ముదరకముందే దారం, టేపు పట్టుకొని డాబా ఎక్కాను.

ఆనాడు నేను చూసిన తప్పులు మూడు. ఆ మూడూ ఫీడు దగ్గరివే. అవేమిటో చెప్పే ముందు ఫీడు చేసే పనిని స్థూలంగా తెలుసుకోవాలి.

ఫీడు చేసే పని

ఉపగ్రహం భూమధ్యరేఖకు ఎగువన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సీ-బ్యాండులో అక్కడి నుండి ఒక ట్రాన్స్‌పాండరు పంపే శక్తి, మన డాబా చేరేసరికి చదరపు మీటరుకు ఒక వాటులో లక్ష కోట్లవ వంతు కంటే తక్కువగా ఉంటుంది. డిష్ పరావలయ ఆకారంలో ఉండడం వలన తనపై పడిన తరంగాలన్నింటిని ఒక బిందువు వద్దకు చేరుస్తుంది. దానినే నాభి అంటాము. ఆ నాభి వద్ద నోరు తెరచుకొని కూర్చునేది ఫీడు హారన్. దాని వెనుక ఉండేది ఎల్‌.ఎన్‌.బి. అది అతి తక్కువ రొదతో సంకేతాన్ని బలపరచి, పౌనఃపున్యాన్ని తగ్గించి, తీగ ద్వారా ఇంట్లోకి పంపుతుంది. ఈ రెండింటిని ఒకే పరికరంగా చేసినదే నేడు బజారులో మనకు దొరికే ఫీడు.

ఫీడు డిష్ వైపు చూసే చూపునకు ఒక వెడల్పు ఉంటుంది. ఆ చూపు సరిగ్గా డిష్ అంచుల వరకు ఆనాలి. అంచులు దాటిపోతే, వెనుకనున్న వేడి నేల ఫీడుకు కనబడుతుంది. నేల దాదాపు 290 కెల్విన్ల రొదను వెదజల్లుతూ ఉంటుంది గనుక, ఆ రొద బలహీనమైన సంకేతాన్ని ముంచివేస్తుంది. చూపు అంచుల వరకు చేరకపోతే, డబ్బు పోసి కొన్న డిష్‌లో చుట్టూ ఉన్న భాగం వ్యర్థమవుతుంది. కనుక లోతైన డిష్‌కు వెడల్పు చూపు గల ఫీడు, చదునైన డిష్‌కు ఇరుకు చూపు గల ఫీడు కావాలి.

దారంతో కొలత

డిష్ లోతును తెలిపే సంఖ్యను ఎఫ్/డి నిష్పత్తి అంటారు. నాభి దూరాన్ని డిష్ వ్యాసంతో భాగిస్తే వచ్చేది అదే. దీనిని కనుగొనడానికి ప్రయోగశాల అవసరం లేదు. డిష్ ఒక అంచు నుండి ఎదుటి అంచుకు దారం బిగించి కట్టండి. డిష్ నడిమధ్య నుండి ఆ దారం వరకు లోతు కొలవండి. వ్యాసాన్ని వ్యాసంతో హెచ్చించి, వచ్చిన దానిని లోతుకు 16 రెట్లయిన సంఖ్యతో భాగించండి. నాభి దూరం వస్తుంది.

మా డిష్ వ్యాసం 240 సెంటీమీటర్లు, లోతు 40. కనుక 57,600ను 640తో భాగించగా నాభి దూరం 90 సెంటీమీటర్లు. దానిని 240తో భాగించగా ఎఫ్/డి 0.375. దుకాణదారు బిగించిన ఫీడు నోరు డిష్ నడిమధ్య నుండి 96 సెంటీమీటర్ల దూరాన ఉన్నది. కాళ్లు మరొక డిష్‌కు చేసినవి కాబోలు. ఆ బ్యాండులో తరంగదైర్ఘ్యమే సుమారు 7.5 సెంటీమీటర్లు. అటువంటి చోట ఆరు సెంటీమీటర్ల తేడా చిన్నది కాదు. ఇది మొదటి తప్పు.

సీ-బ్యాండు ఫీడు గొంతు చుట్టూ గాళ్లు గాళ్లుగా ఉండే పళ్లెం వంటి ఉంగరాన్ని స్కేలార్ రింగు అంటారు. దానిని ముందుకు, వెనుకకు జరపడం ద్వారా ఫీడు చూపు వెడల్పును మార్చవచ్చు. ఫీడు పక్కన ఎఫ్/డి గుర్తులు కూడా ఉంటాయి. మా రింగు 0.42 గుర్తు వద్ద ఉన్నది. ఇది రెండవ తప్పు. కాళ్లను కోసి, నాభి బిందువు ఫీడు నోటికి కొద్దిగా, అనగా పావు అంగుళం మేర లోపలికి వచ్చేటట్లు అమర్చి, రింగును 0.375 వద్దకు జరిపాను. చుక్కలు సగానికి పైగా తగ్గాయి.

ఊరు మారితే కోణం మారుతుంది

మూడవ తప్పు ధ్రువణానికి సంబంధించినది. ఒకే పౌనఃపున్యంపై రెండు రకాల ఛానళ్లను పంపడానికి ఉపగ్రహాలు తరంగాలను నిలువుగాను, అడ్డంగాను కంపింపజేస్తాయి. ఫీడులోని చిన్న సూది తనకు సమాంతరంగా ఉన్న కంపనాన్నే స్వీకరిస్తుంది. అయితే ఉపగ్రహపు "నిలువు" మన డాబాపై నిలువుగా ఉండదు. ఉపగ్రహం మన రేఖాంశానికి ఎంత పక్కగా ఉంటే అంత వాలుతుంది. ఆ వాలుకు తగినట్లు ఫీడును దాని గొంతులో తిప్పాలి.

బిలాస్‌పూర్ సుమారు 22.1 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 82.15 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉన్నది. అక్కడి నుండి 83 డిగ్రీల తూర్పు స్థానంలోని ఉపగ్రహం దాదాపు నేరుగా దక్షిణాన, 64 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ధ్రువణపు వాలు రెండు డిగ్రీలే. కాని 93.5 డిగ్రీల స్థానంలోని ఉపగ్రహం దక్షిణం నుండి తూర్పునకు 28 డిగ్రీలు జరిగి, 61 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. దాని వాలు సుమారు 26 డిగ్రీలు. డిష్ వెనుక నిలబడి ఉపగ్రహం వైపు చూస్తున్నట్లయితే, ఫీడును గడియారపు ముల్లు తిరిగే దిశకు వ్యతిరేకంగా అంత మేర తిప్పాలి. ఇదే ఉపగ్రహానికి విశాఖపట్నంలో వాలు 29 డిగ్రీలు, హైదరాబాదులో దాదాపు 40 డిగ్రీలు.

బదిలీపై వెళ్లేవారు ఈ అంకెలను గమనించాలి. హైదరాబాదు నుండి డిష్‌ను విప్పి తెచ్చి, ఫీడును అదే కోణంలో బిలాస్‌పూర్‌లో బిగిస్తే 14 డిగ్రీల తప్పు వస్తుంది. దాని వలన కావలసిన సంకేతం తగ్గేది స్వల్పమే. కాని అక్కరలేని ధ్రువణపు సంకేతం లోపలికి చొరబడి నాణ్యతను చెడగొడుతుంది. డిష్ మంచిదే, దిశ సరైనదే, అయినా కొన్ని ఛానళ్లు ఆగి ఆగి వస్తున్నాయన్న ఫిర్యాదుకు ఇది తరచు కనబడే కారణం.

ఆ ఉదయం తమ్ముడు క్రింద టీవీ ముందు నిలబడి కేక వేస్తూ ఉండగా, ఫీడును కొద్దికొద్దిగా తిప్పాను. ఒక చోట చుక్కలు పూర్తిగా పోయాయి. అప్పుడు వినబడినది తమ్ముడి కేక కాదు, వార్తలు చదువుతున్న అమ్మాయి గొంతు. నేను దిగి వచ్చేసరికి అమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకొని కూర్చున్నది. ఆ పూట వంట ఆలస్యమైంది.

చీటీపై అంకెలు

ఫీడు కొనేటప్పుడు పెట్టెపై పెద్ద అక్షరాలతో కనబడేది రొద సంఖ్య. సీ-బ్యాండులో దీనిని కెల్విన్లలోను, కేయూ-బ్యాండులో డెసిబెల్‌లలోను చెబుతారు. ఎంత తక్కువైతే అంత మేలు. 0.6 డెసిబెల్ అంటే సుమారు 43 కెల్విన్లు, 0.3 డెసిబెల్ అంటే సుమారు 21 కెల్విన్లు. కాని చీటీపై 17 ఉన్నదా, 15 ఉన్నదా అని చూసి అధిక ధర చెల్లించనక్కరలేదు. ఫీడు చూపు డిష్ అంచు దాటి నేలపై పడితే వచ్చే అదనపు రొద ముందు ఈ రెండు కెల్విన్ల ఆదా ఏ మూలకూ చాలదు.

దానికంటే ముఖ్యమైనది లోకల్ ఆసిలేటరు పౌనఃపున్యం. సీ-బ్యాండు ఫీడులలో సాధారణంగా ఇది 5,150 మెగాహెర్ట్జ్. ఉపగ్రహం నుండి 4,000 వద్ద వచ్చిన సంకేతం, ఈ రెండింటి వ్యత్యాసమైన 1,150 వద్ద తీగలోకి దిగుతుంది. కేయూ-బ్యాండు యూనివర్సల్ ఫీడులలో 9,750, 10,600 అని రెండు ఉంటాయి. రిసీవరు మెనూలో ఇదే అంకె వేయకపోతే, ఫీడు ఎంత మంచిదైనా ఒక్క ఛానలూ దొరకదు. నిలువు ధ్రువణానికి 13 వోల్టులు, అడ్డ ధ్రువణానికి 18 వోల్టులు రిసీవరు నుండే తీగ ద్వారా ఫీడుకు చేరుతాయి. తీగ పొడవుగా ఉండి, జాయింటు తుప్పు పట్టితే 18 వోల్టులు చేరక సగం ఛానళ్లు మాయమవుతాయి. దానికి ఫీడును నిందించి లాభం లేదు.

పెద్ద డిష్‌యా, చిన్న డిష్‌యా?

నేడు కొత్తగా కొనదలచినవారిలో చాలామందికి పెద్ద డిష్ అవసరం లేదు. 2004 డిసెంబరులో ప్రారంభమైన దూరదర్శన్ వారి ఉచిత డీటీహెచ్ సేవను నేడు డీడీ ఫ్రీ డిష్ అంటున్నాము. దీనికి 93.5 డిగ్రీల స్థానంలోని, 2015 నవంబరులో ప్రయోగింపబడిన జీశాట్-15ను వాడుతున్నారు. 60 సెంటీమీటర్ల ఆఫ్‌సెట్ డిష్, కేయూ-బ్యాండు ఫీడు చాలు. నెల చందా లేకుండా సప్తగిరి, యాదగిరి ఛానళ్లు చూడవచ్చు. ఆఫ్‌సెట్ డిష్‌లో ఫీడు నడిమధ్య కాక క్రిందుగా ఉంటుంది. అందువలన డిష్ ముఖం ఉపగ్రహం కంటే చాలా క్రిందికి చూస్తున్నట్లు కనబడుతుంది. అది తప్పు కాదు. దీని ఫీడు చూపు ఇరుకైనది. లోతైన జాలీ డిష్‌కు చేసిన ఫీడును దీనిపై గాని, దీని ఫీడును దానిపై గాని పెట్టి ప్రయోజనం లేదు. పైగా కేయూ-బ్యాండులో తరంగదైర్ఘ్యం మూడు సెంటీమీటర్ల లోపు గనుక పెద్ద కన్నుల జాలీ ఆ తరంగాలను సరిగా తిప్పి పంపలేదు.

చిన్న డిష్‌కు ఒక్కటే చిక్కు, వాన. కుండపోత వర్షంలో కేయూ-బ్యాండు సంకేతం కొద్ది నిమిషాలు తెగిపోవచ్చు. సీ-బ్యాండుకు వాన లెక్కలేదు. శ్రావణ భాద్రపదాలలో అర్పా నది పొంగే ఊరిలో, డాబాపై స్థలమున్నవారు పెద్ద డిష్‌ను వదలకపోవడానికి ఇదొక కారణం.

2023: కొత్త శత్రువు

మా డిష్ తుప్పు పట్టిన చోట్ల రంగు పూసుకుంటూ, మధ్యలో డిజిటల్ రిసీవరు, దానికి తగిన ఫీడు మార్చుకుంటూ నిలిచింది. 2023 వేసవిలో తమ్ముడు ఫోను చేసి, "అన్నయ్యా, పది రోజులుగా ఒక్క ఛానలూ రావడం లేదు. డిష్ పని అయిపోయింది, పాత ఇనుముకు ఇచ్చేస్తాను" అన్నాడు. పిల్లలకు చేతిలో ఫోన్లున్నాయి, వారికి లోటు లేదు. అమ్మకు ఎనభై దాటాయి. కంటిచూపు మందగించింది, ఫోను వాడలేదు. ఉదయం, సాయంత్రం టీవీలో వార్తలు వినడమే ఆమెకు మిగిలిన తెలుగు. ఆమె వినే ఛానళ్లలో ఒకటి చిన్న డిష్‌లో రాదు. "నేను వచ్చేదాకా అమ్మవద్దు" అని చెప్పి సెలవు పెట్టాను.

డిష్ దిశ కదలలేదు. తీగ బాగున్నది. వోల్టులు చేరుతున్నాయి. చుట్టూ చూస్తే, వీధి చివరి భవనంపై కొత్త మొబైల్ టవరు కనబడింది. అనుమానం తీర్చుకొనడానికి ఆ వైపున ఒక పెద్ద ఇనుప రేకును అడ్డుగా పట్టుకోమన్నాను. రిసీవరులో నాణ్యత సూచిక లేచింది. రేకు తీయగానే పడిపోయింది.

కారణం ఇది. మన దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబరు 1న ప్రారంభమయ్యాయి. వాటికి కేటాయించిన బ్యాండులలో ఒకటి 3,300 నుండి 3,670 మెగాహెర్ట్జ్ వరకు ఉన్నది. సీ-బ్యాండు టీవీ ప్రసారాలు 3,700 నుండి 4,200 వరకు ఉంటాయి. రెండూ పక్క పక్క ఇళ్లు. పాత ఫీడులు 3,400 నుండే స్వీకరించేటట్లు చేయబడ్డాయి. ఉపగ్రహం నుండి వచ్చే గుసగుస వినడానికి చెవి రిక్కించిన ఫీడు, పక్కవీధి టవరు కేకకు మూగబోతుంది. ఎల్‌.ఎన్‌.బి.లోని మొదటి యాంప్లిఫయరే నిండిపోయి స్తంభిస్తుంది. కనుక తీగలోనో, రిసీవరు దగ్గరనో ఫిల్టరు పెట్టి లాభం లేదు. వడపోత ఆ యాంప్లిఫయరుకు ముందే జరగాలి. ఇందుకు 3,700 నుండి 4,200 వరకే అనుమతించే ఫిల్టరు లోపలే అమర్చిన ఫీడులు ఇప్పుడు దొరుకుతున్నాయి. అటువంటిది తెప్పించి, 1996 నాటి కొలతల ప్రకారమే 90 సెంటీమీటర్ల వద్ద, 0.375 గుర్తుపై బిగించాను. వాలు సరిచూశాను. ఛానళ్లన్నీ తిరిగి వచ్చాయి. డిష్ పాత ఇనుములోకి పోలేదు.

కొనేముందు సరిచూసుకోవలసినవి

1. ఏ ఉపగ్రహం, ఏ బ్యాండు కావాలో ముందు నిర్ణయించుకోండి. డిష్, ఫీడు తరువాత.

2. డిష్ మీ వద్ద ఉంటే వ్యాసం, లోతు కొలిచి ఎఫ్/డి కాగితంపై వ్రాసుకొని దుకాణానికి వెళ్లండి.

3. సీ-బ్యాండు ఫీడు అయితే స్కేలార్ రింగు జరిపే వీలున్నదా, 5జీ ఫిల్టరు ఉన్నదా అని అడగండి.

4. కేయూ-బ్యాండు ఫీడు అయితే లోకల్ ఆసిలేటరు అంకె చూడండి. ఇంట్లో రెండు టీవీలుంటే రెండు అవుట్‌పుట్‌ల ఫీడు తీసుకోండి.

5. మీ ఊరికి ధ్రువణపు వాలు ఎంతో లెక్కించి ఫీడును తిప్పి బిగించండి. బదిలీ అయిన ప్రతిసారి మళ్లీ చూడండి.

6. ఫీడు నోటికి ప్లాస్టిక్ మూత తప్పక ఉండాలి. లేకపోతే వేసవిలో కందిరీగలు గూడు కడతాయి, వానలో నీరు చేరుతుంది. తీగ కలిసే చోట నీరు చొరని టేపు చుట్టండి. ఉరుములున్నప్పుడు డాబా ఎక్కవద్దు.

మన వృత్తిలో యంత్రం పని చేయనప్పుడు పెద్ద యంత్రం కొనడం మొదటి పరిష్కారం కాదు. ఉన్న యంత్రంలో ఏ భాగం దేనికి సరిపడలేదో కొలిచి చూడడమే మొదటి పరిష్కారం. ఇంటి డాబాపై కూడా అదే నియమం. ఒక దారం, ఒక టేపు, ఒక ఉదయం చాలు.

ఆ సాయంత్రం వార్తలు మొదలైనప్పుడు అమ్మ తెర వైపు చూడలేదు, చూసినా అంతగా కనబడదు. తల కొద్దిగా వంచి వింటూ, "ఈయమ్మి కొత్తది కాబోలు, మన యాసే" అన్నది. పక్కన కూర్చున్న మనవడు, యాస అంటే ఏమిటని అడిగాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.